గోనమ్మ ఎదురొచ్చిన రోజులు

"పేరు?" అంది కౌంటరు దగ్గరున్న అమ్మాయి. నా పేరు చెప్పాను. "మీది కాదమ్మా, పిల్లిది" అంది. నా ఒళ్లో వెదురు గంప ఉంది. గంప మీద పాత తువ్వాలు కట్టి ఉంది. తువ్వాలు కింద ఏ చప్పుడూ లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడైతే ఆటో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అరిచి వీధులన్నీ ఏకం చేసే పిల్లి అది. ఆ రోజు డ్రైవరుకి నా ఒళ్లో ఏముందో కూడా తెలియలేదు. "గోనమ్మ" అన్నాను. ఆ అమ్మాయి రాస్తున్న చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది. "అదేటి పేరమ్మా? అందరూ కిట్టీ అనీ, స్నోయీ అనీ పెడతారు" అంది. గోనె సంచుల మీద పుట్టి, గోనె సంచుల మీద పెరిగిన ఒక పిల్లికి మా వరాలత్త ఎప్పుడో పెట్టిన పేరది. తర్వాత దాని కూతురికీ, ఆ కూతురి కూతురికీ అదే పేరు నడిచింది. ఈ గంపలో ఉన్నది ఎన్నో గోనమ్మో అత్తకి కూడా లెక్క లేదు. అదంతా చెప్పే ఓపిక లేక "మా ఇంట్లో అలాగే పిలుస్తాం" అని ఊరుకున్నాను.

విజయనగరంలో మెయిన్ రోడ్డు మీద ఈ క్లినిక్ వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇదివరకు అక్కడొక చీరల కొట్టు ఉండేది. అద్దాల తలుపు అలాగే ఉంచి, బొమ్మకి చీర కట్టి నిలబెట్టే చోట ఇప్పుడు పిల్లుల తిండి డబ్బాలు పేర్చారు. లోపల స్పిరిట్ వాసన, తడి కుక్క వాసన, ఎవరో వెలిగించిన సాంబ్రాణి కడ్డీ వాసన కలిసి తిరుగుతున్నాయి. బెంచీ మీద నా పక్కన ఒకాయన మేకపిల్లని భుజాన వేసుకుని కూర్చున్నాడు. అది ఆయన చొక్కా కాలరు నములుతుంటే ఆయన దాన్ని ఆపే ప్రయత్నం కూడా చెయ్యలేదు. మా చిన్నతనంలో పశువులాస్పత్రి అంటే ఎద్దులకీ గేదెలకీ. పిల్లికి ఆస్పత్రి ఉంటుందని, అక్కడ దానికి మత్తిచ్చి కోసి కుడతారని మా తాతతో ఎవరైనా అని ఉంటే, నోట్లో బెల్లంముక్క గొంతుకి అడ్డం పడేదాకా నవ్వి ఉండేవాడు.

వరాలత్త మా నాన్న చెల్లెలు. నౌపడలో కాపురం. ఈ వేసవిలో పోయింది. కర్మలన్నీ అయిపోయి, వచ్చిన వాళ్లు ఎవరి రైలుకి వాళ్లు బయల్దేరుతుంటే మావయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు. అప్పటికే గంపలో పిల్లిని పెట్టి ఉంచాడు. "దీన్ని నువ్వట్టుకెలిపో అమ్మీ" అన్నాడు. "మీ అత్త కోసం గదులన్నీ ఎతుకుతన్నాది. మంచం కిందకెల్తాది, వంటింట్లోకెల్తాది, మల్లీ వచ్చి నా మొకం సూస్తాది. నానేటి సెప్పీది దానికి?" ఎనభై దాటిన మనిషి, జీవితమంతా ఉప్పుమళ్లలో ఎండకి నిలబడ్డ మనిషి, ఆ మాట అంటూ గోడ వైపు తిరిగిపోయాడు. నేను గంప అందుకున్నాను. వాళ్లకి పిల్లల్లేరు. అత్త ఇంట్లోంచి నాతో వచ్చిన ప్రాణం అదొక్కటే.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా దగ్గర చదువుకున్న పిల్లల పిల్లల వయసుంటుంది. గోనమ్మ పొట్టని వేళ్లతో మెల్లిగా నొక్కి చూసింది, లోపలికి తీసుకెళ్లి యంత్రం పెట్టి చూసింది, తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది. "గర్భసంచి నిండా చీము పట్టిందమ్మా. తీసెయ్యాలి. దీని వయసుకి మత్తు తట్టుకుంటాదో లేదో నేను మాట ఇవ్వలేను. తియ్యకపోతే మాత్రం ఎక్కువ రోజులుండదు" అంది. "చిన్నప్పుడే ఆపరేషను చేయించేసుంటే ఈ బాధ వచ్చీది కాదు" అంది. ఆ మాటే ఎవరో అత్తతో అంటే "దాని కడుపు దానిష్టం, మనకేటి" అనడం నేను చెవులారా విన్నాను. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పలేదు. పోయిన మనిషి మీద చాడీ చెప్పినట్టుంటుంది. మావయ్యకి ఫోన్ చేశాను. చెయ్యకపోతే బతకదు మావా, చేసినా చెప్పలేమంటున్నారు అన్నాను. అవతల కాకులు అరుస్తున్నాయి. "సేయించీ" అన్నాడు. "బతికితే ఇయ్యాలే సెప్పు. నేకపోతే రేపు సెప్పు."

గోనమ్మని లోపలికి తీసుకెళ్లారు. ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పైన ఫ్యాను నిదానంగా తిరుగుతోంది. మేకపిల్ల ఎప్పుడు వెళ్లిపోయిందో గమనించలేదు. ఇది బతకాలి అనుకున్నాను. అత్త పోయినప్పుడు నేను గట్టిగా ఏడవలేదు. ఏడ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, పనులు చూసేవాళ్లు కావాల్సొచ్చింది. ఇప్పుడు ఆ గదిలో, అద్దాల తలుపు అవతల ఆటోలు వెళుతుంటే, గంప అంచు మీద తల ఆన్చుకున్నాను. వెదురు వాసన వచ్చింది. దాని అడుగున పరిచిన గోనెగుడ్డ వాసన వచ్చింది. ఆ వాసన వెంబడి నేను చీపురుపల్లిలో మా తాత ఇంటికి, నా చిన్నతనంలోకి వెళ్లిపోయాను.

అక్కడ ముందు కొట్టు, వెనక ఇల్లు, పక్కన గొడౌను. గొడౌనులో గోగునార కట్టలు దూలాల దాకా ఉండేవి. ఒక మూల బెల్లం దిమ్మలు, ఒక మూల చింతపండు, వేరుశెనక్కాయల బస్తాలు, నువ్వుల బస్తాలు. కిటికీ లేదు. పెంకుల మధ్య అమర్చిన ఒక గాజుపలకలోంచి వెలుతురు దిగి, మధ్యాహ్నం వేళ నేల మీద పలకంత మేర పడుకునేది. ఆ వెలుతురులో నార నూగు ఎగురుతూ ఉండేది. ఆ గదిలో అడుగు పెడితే మాటలు వాటంతటవే తగ్గిపోయేవి. ఎంత గట్టిగా అరిచినా నార కట్టలు మింగేసేవి. ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా, ఎవరికి ఏడుపొచ్చినా, ఎవరికి నిద్రొచ్చినా అక్కడికే వెళ్లేవాళ్లం. ఎలకల కోసం పెట్టుకున్న పిల్లి అక్కడే ఉండేది. దానికి పొద్దున్న ఇంత పెరుగన్నం, సాయంత్రం ఇంత పెరుగన్నం. బెల్లం రంగు పిల్లి. తాతకి అది కొట్లో పనిమనిషితో సమానం. ముద్దు చెయ్యడం లేదు, పేరు పెట్టడం లేదు. అత్త పుట్టింటికి వచ్చేదాకా దానికి పేరు లేదు.

తాత శకునాల మనిషి. కొట్టు తెరిచే ముందు గుమ్మం మీద నీళ్లు చల్లి, కర్పూరం వెలిగించి, కాటాని కళ్లకద్దుకునేవాడు. బోణీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ పిల్లి అనే మాట పలకకూడదు. పొరపాటున నేనంటే మామ్మ నా నోటి మీద వేలితో ఒకటి తగిలించేది. బయల్దేరుతుంటే పిల్లి అడ్డమొస్తే వెనక్కి రావాలి, చెప్పులు విప్పాలి, అరుగు మీద కూర్చోవాలి, గ్లాసుడు మంచినీళ్లు తాగాలి, అప్పుడు మళ్లీ బయల్దేరాలి. మామూలు పనులకి ఇంతే. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు అడ్డమొస్తే మాత్రం ఆ రోజుకి ప్రయాణం లేదు. వచ్చిన అల్లుడు ఎంత తొందరలో ఉన్నా సరే.

అత్త పుట్టింటికి వచ్చింది పురిటికి. పురుడు సరిగ్గా జరగలేదు. బిడ్డ దక్కలేదు. అప్పుడు నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఉయ్యాల కట్టడానికి దూలానికి వేసిన తాడు ఒక రోజు విప్పేశారు, అంతే. అత్త ఎవరితోనూ మాట్లాడేది కాదు. తల దువ్వించుకునేది కాదు. గొడౌనులోకి వెళ్లి ఖాళీ గోనె సంచుల మీద పడుకునేది. పిల్లి వచ్చి ఆమె పొట్ట మీద ముడుచుకుని పడుకునేది. నేను నార కట్టల మీదకెక్కి వాళ్లిద్దర్నీ చూస్తూ ఉండేదాన్ని. గాజుపలక వెలుతురు ఆమె కాళ్ల మీది నుంచి మెల్లిగా జరిగి గోడెక్కి పోయేది. ఎవరైనా పిలవడానికి వస్తే "ష్, గోనమ్మ నిద్రపోతంది" అనేది. అంత కాలంలోనూ ఆమె నోటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. నాకది ఏ లోటూ అనిపించలేదు. మా అత్త మా ఇంట్లో ఉంది, అదే నాకు పండగ. ఇప్పటి వాళ్లయితే ఆ దిగులుకి ఒక పేరు పెట్టి, ఒక డాక్టరు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మంచిదే. అప్పుడు మా ఇంట్లో ఆమెకి దొరికింది ఒక చీకటి గదీ, ఒక పిల్లీ.

మావయ్య నౌపడ నుంచి పాసింజరులో వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక గుడ్డసంచిలో ఉప్పు తెచ్చేవాడు. ఉప్పు చేతికివ్వకూడదు, ఇస్తే తగువులొస్తాయని, సంచిని గుమ్మం పక్కన నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాడు. మామ్మ వచ్చి తీసుకునేది. మావయ్య సిగ్గరి. చేతులు ఉప్పుకి పగిలి తెల్లగా ఉండేవి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వీపు వెనక దాచుకునేవాడు. రాత్రి భోజనం చేసి అరుగు మీద పడుకుని, తెల్లారి అత్తని తీసుకుని బయల్దేరాలి. అత్త చీర మార్చుకునేది. మామ్మ బొట్టు పెట్టేది. గుమ్మం దిగి సందులోకి ఇద్దరూ అడుగు పెట్టేసరికి, ఎదురుగా గొడౌను చిన్న తలుపు సందులోంచి పిల్లి దూకి, వాళ్ల ముందు నుంచి పరిగెత్తి ఎదురింటి పిట్టగోడ ఎక్కేది.

వెంటనే తాత కొట్టు వైపు నుంచి వచ్చేవాడు. "ఎదవ పిల్లి, ఇప్పుడే తగలడాలా" అని పిట్టగోడ మీదకి కండువా విసిరేవాడు. "ఏటి సేస్తాం అల్లుడూ. ఆడపిల్లని తీసుకెల్లీటప్పుడు ఇలగైతే కదలకూడదు. కూకో. మంచినీల్లు తాగు." మావయ్య చెప్పులు విప్పి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, "అలాగే మావా" అని సాయంత్రం రైలుకి ఒంటరిగా వెళ్లిపోయేవాడు. అత్త చీర మార్చుకుని గొడౌనులోకి వెళ్లిపోయేది. మళ్లీ కొన్నాళ్లకి మావయ్య, ఉప్పుసంచీ, పిల్లీ. మామ్మ మాత్రం సణిగేది. "దాన్ని లోపలెట్టి గడియెయ్యండ్రా అంటే ఇనరు. పిల్లడు ఉసూరుమంటూ ఎల్తన్నాడు" అనేది. అంతగా సణుగుతుంది కాబట్టి, పైకలా అంటూ గొడౌను గడియ తీసేది మామ్మేనని నేను నమ్మాను. చిన్నపిల్లల తెలివి అలాంటిది.

ఒక రోజు పొద్దున్న గొడౌనులో గోగునార కట్టల వెనక దాక్కున్నాను. అత్త వెళ్లిపోతుందని ఏడుపు. ఎవరో లోపలికొచ్చిన అలికిడైంది. చూస్తే తాత. చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నాడు. బోణీ కూడా కాలేదు. గోనె సంచుల మీద పడుకున్న పిల్లిని, ఎప్పుడూ ముట్టుకోని పిల్లిని, రెండు చేతులతో ఎత్తి చిన్న తలుపు దగ్గరకి తీసుకెళ్లాడు. తలుపు ఇంత తీసి, చెవి ఒగ్గి విన్నాడు. బయట సందులో అత్త కాలి మట్టెల చప్పుడు. అప్పుడు పిల్లిని కింద పెట్టి, పాదంతో మెల్లిగా బయటికి తోశాడు. తలుపు మూసి, దానికి వీపు ఆన్చి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత నేను కనిపించాను ఆయనకి. బెల్లం దిమ్మ అంచు విరిచి నా చేతిలో పెట్టి, చెప్పులేసుకుని, అటు కొట్టు వైపు నుంచి చుట్టూ తిరిగి సందులోకి వెళ్లాడు. "ఎదవ పిల్లి, ఇప్పుడే తగలడాలా" అన్న మాట నాకు లోపలికి వినిపించింది. బెల్లం నా చేతిలో కరుగుతోంది. ఆయన మీద నాకు పుట్టెడు ప్రేమ కలిగింది, ఆ వయసులో దానికి ఏ మాట వాడాలో తెలియలేదు.

"మంచినీల్లు తాగుతారా అమ్మా? చాలాసేపట్నించి అలాగే కూకున్నారు" అంది కౌంటరు అమ్మాయి. గ్లాసు నా చేతికిచ్చింది. ఆపరేషను మొదలై ఎంతసేపైందో అడుగుదామనుకుని అడగలేదు. ఏం చెబుతుందోనని భయమేసింది. నీళ్లు తాగాను. లోపలి గది తలుపు కింద నుంచి తెల్లటి వెలుతురు కనిపిస్తోంది.

ఆ వానాకాలంలో గోనమ్మ గొడౌనులో ఈనింది. పిల్లల్లో ఒకటి బతకలేదు. చచ్చిపోయిన దాన్ని నోట కరుచుకుని అది గొడౌనంతా తిరిగింది. ఇక్కడ పెట్టేది, నాకేది, మళ్లీ కరుచుకుని ఇంకో చోట పెట్టేది. అత్త దాని వెనకే తిరిగింది. ఆ పూట అన్నానికి రాలేదు. సాయంత్రానికి గోనమ్మ దాన్ని అత్త కాళ్ల దగ్గర వదిలేసి, మిగిలిన పిల్లల దగ్గరకెళ్లి పాలివ్వడానికి పక్కకి ఒరిగి పడుకుంది. అత్త ఆ పిల్లని పెరట్లో తనే పాతిపెట్టింది. వచ్చి కాళ్లు కడుక్కుని, మామ్మ ముందు కూర్చుని, "తలకి నూనె రాయమ్మా" అంది. మామ్మ నూనె రాస్తూ రాస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను దూరంగా కూర్చుని చూశాను. ఇల్లంతా ఆముదం వాసన.

పిల్లలు పెద్దవై కొట్ల వాళ్లు తలొకటీ పట్టుకుపోయాక మావయ్య వచ్చాడు. మామూలుగానే ఉప్పుసంచి నేల మీద పెట్టాడు. తెల్లారి అత్త బొట్టు పెట్టించుకుని సందులోకి దిగలేదు. తిన్నగా గొడౌనులోకి వెళ్లింది. అక్కడ తాత ఉన్నాడు. కాసేపటికి అత్త ఒక్కతే బయటికొచ్చింది, చంకలో బెల్లం గంప, గంప మీద తువ్వాలు కట్టి ఉంది. తువ్వాలు కింద గోనమ్మ అరుస్తోంది. వెనకే తాత వచ్చాడు. "అదేటమ్మా" అన్నాడు. "నాతో వచ్చీ పిల్లి నాకు అడ్డం ఎలగొస్తాది నాన్నా" అంది అత్త. తాత తువ్వాలు ముడిని వేలితో తాకాడు. "గొడౌన్లో ఎలకలో మరి" అన్నాడు. "ఇంకో పిల్లిని తెచ్చుకో" అంది అత్త. ఆయన తెచ్చుకోలేదు. ఆ ఏడు ఎలకలు కొరికిన గోనె సంచులు పెరట్లో గుట్టగా పడి ఉండటం నాకు గుర్తు. ఆ పొద్దున్న మాత్రం ఆయన కొట్లోకి వెళ్లి, అప్పటికే సమంగా ఉన్న కాటాని సవరిస్తూ కూర్చున్నాడు. స్టేషను దాకా నేను వెళ్లాను. రైలు కదిలాక కిటికీలోంచి అత్త గంప ఎత్తి నాకు చూపించింది. తువ్వాలు సందులోంచి ఒక బెల్లం రంగు చెవి కనిపించింది.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. తల మీది టోపీ తీసేస్తూ, "తీసేశానమ్మా" అంది. "మధ్యలో ఒకసారి భయపెట్టింది. ఇప్పుడు ఊపిరి బాగుంది. మత్తు దిగాలి." లోపలికి రానిచ్చింది. గోనమ్మ ఒక తెల్లటి గుడ్డ మీద పక్కకి పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. పొట్ట మీద బొచ్చంతా గొరిగేశారు. ఆ గులాబి చర్మం మీద నల్లటి కుట్లు. ముందుకాలికి సెలైన్ సూది. అంత చిన్నదా ఈ పిల్లి అనిపించింది. చెవి వెనక వేలితో రాస్తూ దాని పేరు పిలిచాను. పిలిచిన చాలాసేపటికి, నాలుక చివర బయటికొచ్చి పై పెదవిని ఒకసారి తాకి లోపలికి పోయింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అత్త కోసం ఏడవాల్సిన ఏడుపంతా అక్కడ, ఆ ఇనప బల్ల పక్కన ఏడ్చాను. డాక్టరమ్మ చూడనట్టు చేతులు కడుక్కుంది. మావయ్యకి ఫోన్ చేశాను. ఎత్తగానే "ఇయ్యాలే సెప్తన్నావు" అన్నాడు.

కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు లాంటిది తగిలిస్తామన్నారు. దాన్ని తగిలిస్తే గోనమ్మ గోడలకి గుద్దుకుంటోంది. అత్త పాత నేతచీర ఒకటి నా దగ్గరుంది. దాని ముక్కతో నాలుగు కాళ్లకీ కన్నాలు పెట్టి, వీపు మీద ముడి వచ్చేలా చొక్కా కుట్టాను. ఆ చీర చొక్కా వేసుకుని అది నా మంచం కింద, ఆ తర్వాత నా మంచం మీద, ఆ తర్వాత నా పొట్ట మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఇల్లంతా తిరిగేది, వెతకడం మాత్రం మానేసింది. పొద్దున్నే వీధిలోని నలుపూ తెలుపూ గండుపిల్లి ఒకటి వంటింటి వెనక తలుపు గీకేది. తలుపు తీస్తే నేను పోసిన పాలు తాగి, హాల్లోంచి దూసుకుపోయి ముందు గుమ్మం దాటి, మెట్ల మీది ఎండలో కూర్చునేది. గోనమ్మ నా ఒళ్లోంచి దాన్ని చిన్నచూపు చూసేది. ఒంటరి ఇంట్లో అలా పొద్దున్నలు నిండిపోయాయి. నాకు హాయిగా ఉంది.

కుట్లు విప్పిన వారంలో మావయ్య వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా, నౌపడలో పాసింజరెక్కి, కర్ర పోటేసుకుంటూ. చేతిసంచి గుమ్మం పక్కన నేల మీద పెట్టి ఒకడుగు వెనక్కి జరిగాడు. నేను వంగి ఉప్పు తీసుకున్నాను. గోనమ్మ దూరం నుంచి ఆయన్ని చూసి, వచ్చి, పంచె కుచ్చిళ్లకి మొహం రుద్దింది. ఆయన కిందకి వంగలేక కర్రతో నేల మీద గీతలు గీస్తూ దాన్ని పలకరించాడు. భోజనాలయ్యాక, "తీసుకెల్దామని వచ్చేనమ్మీ" అన్నాడు. "ఇల్లు బొత్తిగా సప్పుడు నేకుండా పోనాది. అది ఎతికితే ఎతికింది. ఇద్దరం ఎతుక్కుంటాం."

కాదని ఎలా అంటాను? ఆయన పిల్లి. అత్త పిల్లి. తెల్లారి రైలుకని అనుకున్నాం. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని చీపురుపల్లి కబుర్లు చెప్పుకున్నాం. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని గొడౌను సంగతి చెప్పాను, తాత పిల్లిని పాదంతో తోయడం, తలుపుకి ఆనుకుని నిలబడటం. మావయ్య నవ్వాడు. "మొదటిపాలి అడ్డమొచ్చినప్పుడే సూసేను నాను. తలుపు సందులో మీ తాత పంచె అంచు అవుపడింది" అన్నాడు. తెల్లబోయాను. మరి ప్రతిసారీ ఎందుకు కూర్చున్నావు మావా అన్నాను. "ఇంకొన్నాల్లుంచు అల్లుడూ అని ఆయన నోటితో అననేడు గదా. ఆడపిల్లనిచ్చినోడు అలగ అనకూడదంట. పిల్లి సేత అనిపించినాడు. కూకోకపోతే ఎలగమ్మీ?" కర్రని గోడకి ఆనించాడు. "మీ అత్తకీ తెలుసు" అన్నాడు తర్వాత.

తెల్లారింది. గంపలో గోనెగుడ్డ మార్చాను. గోనమ్మని అందులో పెట్టి తువ్వాలు కట్టాను. కట్టిన ముడి మళ్లీ విప్పి మళ్లీ కట్టాను. నాకు పంపాలని లేదు. ఆ మాట అనే హక్కు నాకు లేదు. దారిలో తినడానికి ఏదైనా కడతానని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి వెలిగించలేదు, ఏ డబ్బా తియ్యలేదు. వెనక తలుపు అవతల గండుపిల్లి గీకుతోంది. తీస్తే అది హాల్లోంచి గుమ్మం వైపే పోతుంది. ఎప్పుడూ లేనిది ఆ రోజు నేను తలుపు తియ్యలేదు. గడియ మీద చెయ్యి మాత్రం ఉంది.

హాల్లో కర్ర చప్పుడు గుమ్మం దాటి, మెట్ల మీద చెప్పులు తొడుక్కున్న చప్పుడుతో ఆగింది. గంపలోంచి గోనమ్మ ఒకసారి అరిచింది. ఆ వెంటనే మెట్ల మీద ఒక చెప్పు, దాని పక్కన రెండో చెప్పు విప్పిన చప్పుడు వినిపించింది.

"అమ్మీ" అన్నాడు మావయ్య గుమ్మం దగ్గర్నుంచి. "ఆ తలుపు తియ్యి. అదెంతసేపని గీకుతాది పాపం. నాను కూకుంటాను, ఇన్ని మంచినీల్లట్రా."

గడియ తీశాను.